బైబిల్ ప్రకారం పన్ను ఎవరు కట్టాలి? అలబామా క్రైస్తవులు చెప్పిన జవాబు

అమెరికా దక్షిణ ప్రాంతంలో అలబామా అనే రాష్ట్రం ఉంది. వీధి మలుపు తిరిగితే చాలు, ఒక చర్చి కనిపించే ప్రాంతం. ఆదివారం ప్రార్థనకు తప్పకుండా వెళ్లడం, బైబిల్‌ను అక్షరాలా నమ్మడం, ఎన్నికలొస్తే రిపబ్లికన్ పార్టీకి ఓటేయడం... అక్కడి తెల్లజాతి కుటుంబాల్లో ఎక్కువ భాగం ఈ మూడింటినీ కలిపే చూస్తాయి. 2003 సెప్టెంబర్ 9న ఆ రాష్ట్ర ఓటర్ల ముందుకు ఒక ప్రశ్న వచ్చింది. పేదల మీద పన్ను తగ్గించి, పెద్ద భూములున్న వాళ్ల మీద, బాగా సంపాదించేవాళ్ల మీద పెంచుదామా? అడిగింది కమ్యూనిస్టు కాదు, డెమోక్రాట్ కూడా కాదు. రిపబ్లికన్ గవర్నర్ బాబ్ రైలీ. ఆయన ముందుపెట్టిన కారణాల్లో ముఖ్యమైనది బైబిల్. మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు.

పేదవాడి పక్షాన నిలబడమనే క్రైస్తవ నీతి ఒకవైపు. పన్నులు తక్కువ ఉండాలి, ప్రభుత్వం జోక్యం చేసుకోకూడదు అనే కన్జర్వేటివ్ ఆర్థిక రాజకీయం మరోవైపు. ఈ రెండింటికీ పొసగదని చెప్పేవాళ్లు, బాగానే పొసుగుతుందని చెప్పేవాళ్లు అమెరికాలో ఎప్పటినుంచో వాదించుకుంటున్నారు. కానీ ఆ వాదన ఇంత సూటిగా బ్యాలెట్ పెట్టెలోకి వెళ్లడం చాలా అరుదు. అందుకే అలబామాలో ఏం జరిగిందో కొంచెం వివరంగా చూడాలి.

పశువుల దాణాకు మినహాయింపు, పాలపొడికి పన్ను

ముందు అక్కడి పన్నుల సంగతి. మన దగ్గర కిరాణా కొట్లో విడిగా తూచి ఇచ్చే బియ్యానికి, పప్పులకు జీఎస్టీ ఉండదు. కూరగాయలకూ లేదు. తిండి మీద పన్ను వేస్తే ముందు దెబ్బ తగిలేది పేదింటికేనని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అమెరికాలోనూ చాలా రాష్ట్రాలు కిరాణా సరుకుల మీద అమ్మకం పన్ను వేయవు. అలబామా వేసేది. రాష్ట్రం వాటా 4 శాతం, దాని మీద కౌంటీ, మునిసిపాలిటీ వేసేది కలుపుకుంటే కొన్ని ఊళ్లలో 10 శాతం దాకా వెళ్లేది. రొట్టె, గుడ్లు, పసిపిల్లల పాలపొడి, దేనికీ మినహాయింపు ఉండేది కాదు. పశువుల దాణాకు మాత్రం ఉంది.

ఈ పన్ను ఎవరి మీద ఎంత పడుతుందో ఒక చిన్న లెక్కతో చూడొచ్చు. ఏడాదికి 20 వేల డాలర్లు సంపాదించే ఇంట్లో తిండికి 6 వేలు ఖర్చయ్యాయనుకుందాం. 9 శాతం చొప్పున పన్ను 540 డాలర్లు. అంటే ఆ ఇంటి ఆదాయంలో 2.7 శాతం. ఏడాదికి 2 లక్షల డాలర్లు సంపాదించే ఇల్లు ఇంకా మంచి తిండి తిని 12 వేలు ఖర్చు పెట్టినా పన్ను 1,080 డాలర్లే, ఆదాయంలో సగం శాతం చిల్లర. పన్ను రేటు ఇద్దరికీ ఒకటే. బరువు మాత్రం ఒకటి కాదు.

ఆదాయపు పన్ను ఇంకో కథ. నలుగురున్న కుటుంబం ఏడాదికి 4,600 డాలర్లు సంపాదిస్తే చాలు, రాష్ట్రానికి ఆదాయపు పన్ను కట్టడం మొదలుపెట్టాల్సి వచ్చేది. ఆ ఏడాది కేంద్ర ప్రభుత్వం నలుగురి కుటుంబానికి పెట్టిన పేదరికపు గీత 18,400 డాలర్లు. అంటే పేదలని ప్రభుత్వమే ఒప్పుకున్న కుటుంబం దగ్గర, ఆ గీతలో నాలుగో వంతు సంపాదన దగ్గర నుంచే వసూలు మొదలు.

ఇక భూమి. రాష్ట్రంలో 71 శాతం నేల కలప అడవులే. వాటి యజమానులు కట్టే ఆస్తి పన్ను, రాష్ట్రం మొత్తం మీద వచ్చే ఆస్తి పన్నులో 2 శాతం కూడా ఉండేది కాదు. ఎకరానికి సగటున ఒక డాలరుకు లోపే ఉండేది. అన్ని పన్నులూ కలిపి చూస్తే, ఏడాదికి 13 వేల డాలర్ల లోపు సంపాదించేవాళ్లు తమ ఆదాయంలో 10.9 శాతం రాష్ట్ర, స్థానిక పన్నులకు పెడుతుంటే, 2 లక్షల 29 వేల డాలర్లు దాటినవాళ్లు అప్పట్లో పెట్టింది 4.1 శాతం.

ఇది పొరపాటున జరిగింది కాదు. 1901లో రాసుకున్న రాష్ట్ర రాజ్యాంగంలోనే దీని పునాది ఉంది. దాన్ని రాసినవాళ్లు పత్తి తోటల యజమానులు, పరిశ్రమల యజమానులు. నల్లజాతి వారి ఓటుహక్కు ఊడగొట్టడం వాళ్ల మొదటి పని. ఆస్తి పన్ను పెరగకుండా రాజ్యాంగంలోనే గీత గీయడం రెండో పని. తర్వాత 1978లో వ్యవసాయ భూములకు, కలప భూములకు మరింత రక్షణ కల్పిస్తూ ఇంకో సవరణ తెచ్చారు. ఆస్తి పన్ను రాకపోతే బడులకు డబ్బు ఎక్కడిది? అందుకే కిరాణా బిల్లు మీద పడ్డారు.

టాక్స్ ప్రొఫెసర్ చదివిన బైబిల్

సూసన్ పేస్ హామిల్ యూనివర్సిటీ ఆఫ్ అలబామాలో పన్నుల చట్టం చెప్పే ప్రొఫెసర్. యూనివర్సిటీ నుంచి సెలవు తీసుకుని బర్మింగ్‌హామ్‌లోని బీసన్ డివినిటీ స్కూల్‌లో మతశాస్త్రం చదివారు. అది ఉదారవాదులు నడిపే చోటు కాదు, సంప్రదాయ ఇవాంజెలికల్ పాఠశాల. అక్కడ ఆమె రాసిన పరిశోధన వ్యాసం 2002లో అలబామా లా రివ్యూలో అచ్చయింది. యూదు, క్రైస్తవ నీతి ఆధారంగా పన్నుల సంస్కరణ ఎందుకు కావాలో చెప్పే వ్యాసం అది.

ఆమె చెప్పింది రెండే మాటలు. ఒకటి, పేదవాడిని పీడించకూడదని బైబిల్ ఖరాఖండిగా చెబుతోంది. రెండు, పేదవాడు తన కాళ్ల మీద తాను నిలబడే కనీస అవకాశం సమాజం కల్పించాలని చెబుతోంది. అలబామా పన్నులు మొదటిదాన్ని ఉల్లంఘిస్తున్నాయి, డబ్బుల్లేని అలబామా బడులు రెండోదాన్ని ఉల్లంఘిస్తున్నాయి అని ఆమె తేల్చారు.

బైబిల్‌లో ఇందుకు ఆధారాలు కొల్లలు. మోషే, అంటే మూసా ప్రవక్త, పేరు మీద ఉన్న ధర్మశాస్త్ర గ్రంథాల్లో పొలం కోసేటప్పుడు అంచులు వదిలేయాలని ఉంది. రాలిన గింజలు ఏరుకోకూడదు, అవి పేదలకు, పరదేశులకు చెందుతాయి. ఏడేళ్లకోసారి అప్పులు మాఫీ చేయాలి. యాభయ్యో ఏట, జూబిలీ సంవత్సరంలో, అమ్ముకున్న భూమి అసలు కుటుంబానికి తిరిగి వెళ్లాలి. వీటిలో ఏదీ దయతలచి ఇచ్చే దానం కాదు. చట్టం. పొలం అంచు వదలడం యజమాని మంచితనం మీద ఆధారపడి లేదు. తర్వాత వచ్చిన ఆమోసు, యెషయా, మీకా లాంటి ప్రవక్తలు ధనికుల్ని ఎంత కటువుగా తిట్టారో చెప్పనక్కర్లేదు. తప్పుడు తూకాలు, పేదల భూములు కాజేయడం, వాళ్లకు వ్యతిరేకంగా అన్యాయమైన శాసనాలు రాయడం, ఇవన్నీ ఆ తిట్లలో ఉన్నాయి. ఇక యేసు (ఈసా ప్రవక్త) బోధల్లో మత్తయి సువార్త 25వ అధ్యాయం ప్రసిద్ధం. ఆకలిగొన్నవాడికి తిండి పెట్టారా లేదా అన్నదాని మీదే తీర్పు రోజున మనుషుల్ని వేరు చేస్తారని అందులో ఉంది.

హామిల్ వాదనలో బలం ఎక్కడుందంటే, ఆమె ఎక్కడా కొత్త సంక్షేమ పథకం అడగలేదు. ధనికుల దగ్గర లాక్కుని పంచమనలేదు. మీరు నమ్మే పుస్తకాన్నే తెరిచి మీ పన్నుల చట్టం పక్కన పెట్టుకుని చూడండి అన్నారు, అంతే.

గవర్నర్ వింటాడని ఎవరూ అనుకోలేదు

బాబ్ రైలీ సదరన్ బాప్టిస్ట్. గవర్నర్ కాకముందు మూడు దఫాలు అమెరికా పార్లమెంటులో సభ్యుడు. పన్నుల పెంపుకు ఎన్నడూ ఓటేయని మనిషిగా పేరు. 2002 ఎన్నికల్లో సుమారు 3 వేల ఓట్ల తేడాతో బొటాబొటీగా గెలిచారు. కుర్చీలో కూర్చున్నాక చూస్తే ఖజానాలో 67.5 కోట్ల డాలర్ల లోటు.

ఇలాంటప్పుడు ఏ కన్జర్వేటివ్ నాయకుడైనా ఖర్చులు కోసేస్తాడు. రైలీ ఏకంగా 120 కోట్ల డాలర్ల పన్నుల ప్యాకేజీ తెచ్చారు. ఆదాయపు పన్ను మొదలయ్యే గీతను 4,600 నుంచి 17 వేల డాలర్ల పైకి తీసుకెళ్లడం, ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ల మీద, పెద్ద కలప భూముల మీద పన్ను పెంచడం, వచ్చే డబ్బులో పెద్ద భాగం బడులకు పెట్టడం అందులో ముఖ్యమైనవి. క్రైస్తవ నీతి పేదల్ని చూసుకోమంటోంది, మన పన్నులు అందుకు విరుద్ధంగా ఉన్నాయి అని ఆయన బహిరంగంగానే చెప్పారు. రాజ్యాంగ సవరణ కాబట్టి ప్రజల ఓటు తప్పనిసరి అయింది.

పెద్ద రైతుల, భూస్వాముల సంఘం ఆల్ఫా అడ్డం తిరిగింది. అది ఊహించిందే. వాషింగ్టన్ నుంచి పన్నుల వ్యతిరేక ఉద్యమ నాయకుడు గ్రోవర్ నార్క్విస్ట్ రైలీ మీద దాడి మొదలుపెట్టారు. అదీ ఊహించిందే. అసలు చూడాల్సింది చర్చి వైపు. క్రిస్టియన్ కొయలిషన్ అనే మత రాజకీయ సంస్థ జాతీయ నాయకత్వం రైలీకి మద్దతు పలికింది. అదే సంస్థ అలబామా శాఖ వ్యతిరేకించింది! ఒకే పేరు, ఒకే బైబిల్, రెండు తీర్పులు.

ఇష్టంతో ఇస్తేనే పుణ్యం

వ్యతిరేకించినవాళ్లను డబ్బుకు అమ్ముడుపోయినవాళ్లు అని కొట్టిపారేస్తే విషయం అర్థం కాదు. వాళ్లకూ ఒక మత వాదన ఉంది, చాలామంది దాన్ని మనస్ఫూర్తిగానే నమ్ముతారు. పేదలకు సాయం చేయమని యేసు చెప్పింది మనిషికి, ప్రభుత్వానికి కాదు. బలవంతంగా వసూలు చేసి పంచితే ఇచ్చినవాడికి పుణ్యం లేదు, పుచ్చుకున్నవాడికి కృతజ్ఞత లేదు. మంచి సమరయుడి కథలో దారిలో దెబ్బలు తిన్న మనిషికి బాటసారి తన సొంత డబ్బు ఖర్చు పెట్టాడు, సర్కారు సొమ్ము కాదు. చర్చికి తన పేటలోని పేదవాడు ఎవరో, నిజంగా అవసరం ఎవరిదో తెలుసు, ఆఫీసులో కూర్చున్న గుమాస్తాకు తెలియదు. రాజు పెరిగితే మీ పంటలో పదో వంతు పట్టుకుపోతాడని సమూయేలు ప్రవక్త హెచ్చరించలేదా?

ఈ వాదన అలబామాలో పుట్టింది కాదు. 1930ల ఆర్థిక మాంద్యంలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పేదల కోసం న్యూడీల్ పథకాలు తెచ్చినప్పుడు లాస్ ఏంజెలెస్ పాస్టర్ జేమ్స్ ఫిఫీల్డ్ వాటికి వ్యతిరేకంగా ఒక ఉద్యమం నడిపారు. పెద్ద వ్యాపారులు దానికి డబ్బు పెట్టారు. తర్వాత సోవియట్ యూనియన్‌తో పోటీ వచ్చింది. కమ్యూనిస్టులు దేవుణ్ణి కాదంటారు కాబట్టి, మార్కెట్‌ను సమర్థించడమే దేవుణ్ణి సమర్థించడం అన్నట్టు జనంలో స్థిరపడింది. 1979లో మోరల్ మెజారిటీ సంస్థ పుట్టేనాటికి అబార్షన్, బడిలో ప్రార్థన, పన్నుల తగ్గింపు ఒకే మూటలో చేరిపోయాయి. దక్షిణ రాష్ట్రాల్లో జాతి విషయం కూడా కలిసింది. నల్ల పిల్లలు, తెల్ల పిల్లలు ఒకే బడిలో చదవాలని కోర్టులు చెప్పాక చాలా తెల్ల కుటుంబాలు తమ పిల్లల్ని ప్రైవేటు బడులకు మార్చేశాయి. వాటిలో చాలావాటికి క్రైస్తవ పేర్లే ఉన్నాయి. ఇక సర్కారు బడి కోసం పన్ను కట్టడమంటే పరాయి పిల్లల కోసం కట్టడమే అనిపించింది.

అట్లాంటిక్ అవతల బ్రిటన్‌లోనూ ఇదే మాట వినిపించింది. 1988 మేలో ప్రధాని మార్గరెట్ థాచర్ ఎడిన్‌బరోలో స్కాట్లాండ్ చర్చి మహాసభకు వెళ్లి, పని చేయనివాడు తినకూడదన్న పౌలు మాటను గుర్తుచేశారు. సంపాదించడం తప్పు కాదు, ఆ సంపదతో ఏం చేస్తామన్నదే ప్రశ్న అన్నారు. ఆమె ప్రసంగం అయ్యాక సభాధ్యక్షుడు పేదరికం మీద, ఇళ్ల కొరత మీద చర్చి తయారు చేసిన నివేదికలు ఆమె చేతిలో పెట్టారు. అదే పౌలు మాట 2013లో అమెరికా పార్లమెంటులో మళ్లీ వచ్చింది. పేదలకు ఇచ్చే ఫుడ్ స్టాంపుల కోత మీద చర్చలో కాలిఫోర్నియా సభ్యుడు హువాన్ వర్గాస్ మత్తయి 25వ అధ్యాయం ఎత్తితే, టెనెస్సీ సభ్యుడు స్టీఫెన్ ఫించర్ పౌలు మాటతో జవాబిచ్చారు. ఫించర్ స్వయంగా పెద్ద రైతు. అంతకుముందు పదమూడు పద్నాలుగేళ్లలో ఆయనకు ప్రభుత్వం నుంచి వచ్చిన వ్యవసాయ సబ్సిడీ 30 లక్షల డాలర్ల పైమాటే.

జకాత్‌కు, సదఖాకు తేడా తెలిసిన ఇంట్లో ఈ వాదన ఎక్కడ తెగుతుందో తొందరగానే అర్థమవుతుంది. ఒకటి లెక్క ప్రకారం చెల్లించాల్సిన బాధ్యత, ఇంకోటి ఇష్టం. మోషే ధర్మశాస్త్రంలోనూ ఈ రెండూ ఉన్నాయి. అమెరికా కన్జర్వేటివ్ క్రైస్తవులు రెండోదాన్ని ఉంచుకుని, మొదటిది పాత ఇశ్రాయేలు దేశానికి మాత్రమే వర్తిస్తుందని పక్కన పెట్టారు.

సరే, అలా పక్కన పెట్టినా అలబామా ప్రశ్నకు జవాబు దొరకదు. దానం బలవంతంగా చేయించకూడదు అన్నది సంక్షేమ పథకం మీద పెట్టదగ్గ అభ్యంతరమే. రైలీ ప్యాకేజీలో పేదలకు సంబంధించిన ముఖ్యమైన అంశం దానం కాదు. పేదవాడి జేబులోంచి తీసుకునేది తగ్గించడం. ఏడాదికి 5 వేల డాలర్లు సంపాదించే తల్లి దగ్గర ఆదాయపు పన్ను, ఆమె కొన్న పాలపొడి మీద అమ్మకం పన్ను, ఇవి కూడా చట్టం బలంతో వసూలు చేసేవే. బలవంతం తప్పని నమ్మేవాడు ముందు ఈ బలవంతం గురించి మాట్లాడాలి. అలబామా చర్చల్లో ఈ మాటకు సూటిగా జవాబిచ్చినవాళ్లు అంతగా కనిపించరు.

మరి పేదలెందుకు వద్దన్నారు?

ఆ ఆగస్టులో రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీ క్రైస్తవ భక్తులతో నిండిపోయింది. పన్నుల కోసం కాదు. రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి రాయ్ మూర్ కోర్టు భవనంలో పది ఆజ్ఞలు చెక్కిన రాయిని పెట్టించారు. దాని బరువు 5,280 పౌండ్లు, అంటే దాదాపు రెండున్నర టన్నులు. దాన్ని తీసేయాలని ఫెడరల్ కోర్టు ఆదేశించింది. రాయిని కదలనివ్వమంటూ జనం దూరదూరాల నుంచి వచ్చి మెట్ల మీద ప్రార్థనలు చేశారు. ఆగస్టు 27న దాన్ని తొలగించారు. రెండు వారాలు తిరక్కుండానే పన్నుల ఓటింగ్.

ఓడించింది ధనికులు మాత్రమే కాదు. ప్యాకేజీ వల్ల పన్ను తగ్గే కుటుంబాల్లోనూ చాలామంది వద్దనే ఓటేశారు. వాళ్లను అమాయకులనడం తేలిక. కానీ వాళ్ల వైపు నుంచి చూస్తే ప్రభుత్వం తమకు ఎన్నడూ ఏమీ చేయలేదు. ఎన్నికల ముందు మాట వేరు, తర్వాత మాట వేరు. 120 కోట్ల డాలర్లు అదనంగా అడుగుతున్నారు, అందులో బడికి చేరేదెంత, నాయకుల చేతుల్లో ఆగిపోయేదెంత? తమకు పన్ను తగ్గుతుందన్న మాటను నమ్మడానికి వాళ్లకు కారణం కనిపించలేదు. వందేళ్లుగా పేదల్ని వసూళ్లకే గుర్తుపెట్టుకున్న ప్రభుత్వం ఒక్క వేసవిలో న్యాయం చేస్తానంటే అనుమానం రాదా? నల్లజాతి ఓటర్లలో కూడా ఉత్సాహం పెద్దగా కనిపించలేదు.

పాస్టర్ల సంగతీ చెప్పాలి. పెద్ద చర్చి శాఖల నాయకులు కొందరు సంస్కరణకు మద్దతిచ్చారు. అయితే ఊళ్లోని చర్చిలో ముందు వరుసలో కూర్చునేది ఆ ఊరి భూస్వామే, కొత్త హాలుకు చందా ఇచ్చేదీ అతనే. అబార్షన్ మీద ప్రసంగం చేస్తే ఆ వరుసలో ఎవరికీ నొప్పి ఉండదు. ఎకరానికి ఎంత పన్ను కడుతున్నావని అడిగితే వేరు.

ఓడిపోయాక రైలీ రాజకీయ జీవితం ముగిసిందని చాలామంది రాశారు. ఆయన ఖర్చులు తగ్గించుకుంటూ నెట్టుకొచ్చి, 2006లో మంచి మెజారిటీతో మళ్లీ గెలిచారు. అదే ఏడాది ఆదాయపు పన్ను మొదలయ్యే గీతను నలుగురి కుటుంబానికి 12,600 డాలర్లకు పెంచే చట్టం పాసయింది. ఈసారి ఎవరి మీదా పన్ను పెంచలేదు కాబట్టి గొడవా లేదు. హామిల్ తర్వాత 50 రాష్ట్రాల పన్నుల్నీ అదే నీతితో తూచి ఇంకో పెద్ద అధ్యయనం రాశారు.

కిరాణా మీద పన్ను తగ్గడానికి మాత్రం రెఫరెండం తర్వాత మరో ఇరవై ఏళ్లు పట్టింది. రాష్ట్రం వాటా 2023 సెప్టెంబర్‌లో 4 నుంచి 3 శాతానికి, 2025 సెప్టెంబర్‌లో 2 శాతానికి దిగింది. కౌంటీ, మునిసిపాలిటీ వేసేది దానికి అదనం. హంట్స్‌విల్, బర్మింగ్‌హామ్‌లలో ఉంటున్న తెలుగు కుటుంబాల కిరాణా బిల్లులో ఆ రెండూ ఇప్పటికీ కలిసే వస్తాయి. రాష్ట్ర రాజ్యాంగాన్ని 2022లో తిరగరాసి జాతి వివక్ష మాటలు తొలగించారు. ఆస్తి పన్ను మీద గీసిన గీతలు మాత్రం కొత్త ప్రతిలోనూ ఉన్నాయి.